పాచికలున్నాయి, పందెం లేదు

మా బావగారు సిద్దిపేట దగ్గరి పల్లెలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైన మనిషి. కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకుని, చుక్కల మందు పూర్తయ్యేదాకా హైదరాబాద్ శివారు బహదూర్‌పల్లిలో మా ఫ్లాట్లో ఉన్నారు. శనివారం రాత్రయితే మా గుమ్మం ముందు ఆరు జతల చెప్పులు కనిపిస్తాయి. మా అమ్మాయీ, ఆమె స్నేహితులూ ఫోన్లు పక్కన పెట్టేసి, బల్ల చుట్టూ కాగితాలు, పెన్సిళ్ళతో కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు అందులో ఒక్కో పాత్రగా మాట్లాడతారు, నిర్ణయాలు తీసుకుంటారు. దాన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. చదవడానికి వీల్లేక చీకటి గదిలో పడుకున్న బావగారు ఒక శనివారం రాత్రి ఆటంతా విన్నారు. ఆదివారం పొద్దున బాల్కనీలో అమ్మాయిని కూర్చోబెట్టుకుని మొదలుపెట్టారు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అక్కడే ఉన్నాను. ఇద్దరినీ అడిగే ఇది రాస్తున్నాను. అమ్మాయి ఆయన్ని పెద్దబాపు అంటుంది.

పెద్దబాపు: రాత్రి నాకు నిద్ర పట్టలేదు బిడ్డా. మీ మాటలకు కాదు, స్టీలు పళ్ళెంలో పాచికలు దొర్లే చప్పుడుకు. మా ఊళ్ళో ఆ చప్పుడు వెంట ఎడ్లు పోయినయ్, ఒక ఇల్లాలి మెడలో పుస్తె పోయింది. ధర్మరాజంతటి వాడే పాచికల ముందు కూర్చుని లేవలేకపోయిండు. చదువుకున్న పిల్లలు, మంచి ఉద్యోగాలు. మీకెందుకు ఈ జూదం?

బిడ్డ: జూదానికి పందెం ఉండాలి కదా పెద్దబాపు. మా బల్ల మీద ఒక్క రూపాయి ఉండదు. గెలిచేవాళ్ళు, ఓడేవాళ్ళు అని కూడా ఉండరు. అందరం ఒకే కథలో ఒకే పక్షం. ఉమ్మడి రాష్ట్రంలో జూదం మీద చట్టం వచ్చింది 1974లో. తెలంగాణ 2017లో దాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని కూడా దాని కిందికి తెచ్చింది. ఆ చట్టం పట్టుకునేది పందేన్ని. మా ఆట పుట్టింది కూడా ఆ 1974లోనే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు మూడు చిన్న పుస్తకాలు రాసి, ఒక పెట్టెలో పెట్టి వెయ్యి ప్రతులు వేశారు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అంతకుముందు వాళ్ళు బల్ల మీద బొమ్మ సైన్యాలతో యుద్ధాలాట ఆడేవాళ్ళు. ఈ ఆటలో ఒక్కో ఆటగాడికి సైన్యానికి బదులు ఒక్క మనిషినే ఇచ్చారు. ఆ మనిషికి ఒక పేరుంటుంది, ఒక ఊరుంటుంది, ఒక భయముంటుంది. ఆ ఇరవై పలకల పాచికలు కూడా జూదశాల నుంచి రాలేదు. బడులకు గణితం సామాను అమ్మేవాళ్ళ దగ్గర కొన్నారు.

పెద్దబాపు: పందెం లేనప్పుడు పాచిక దేనికి? కథే చెప్పుకోవచ్చు గదా.

బిడ్డ: పాచిక లేకపోతే కథ నడిపేవాళ్ళ ఇష్టమే సాగుతుంది. లేదంటే బల్ల దగ్గర గొంతు పెద్దగా ఉన్నవాళ్ళ ఇష్టం సాగుతుంది. పాచిక ఎవరి మాటా వినదు, అందుకే అందరం దాని మాట వింటాం. గోడ దూకుతానని నేనంటే, దూకానో కాలు విరిగిందో నాకూ తెలియదు, కథ నడిపే అమ్మాయికీ తెలియదు. ఇద్దరం ఒకేసారి తెలుసుకుంటాం. మీరు అష్టాచెమ్మలో గవ్వలు వేయలేదా?

పెద్దబాపు: వేసినం. కాయలు పండినయంటే లేచి ఇంటికి పోయినం. మీ ఆట రెండేళ్ళ నుంచి నడుస్తున్నదని మీ అమ్మ చెప్పింది. ముగింపు లేని ఆట మనిషిని తినేస్తది బిడ్డా.

బిడ్డ: ముగింపు లేకపోవడం వేరు, మజిలీలు ఉండటం వేరు. మీరే నాకు చిన్నప్పుడు కాశీమజిలీ కథలు చెప్పారు.

పెద్దబాపు: మధిర సుబ్బన్న దీక్షితులు గారివి. పన్నెండు భాగాలు.

బిడ్డ: అందులో మణిసిద్ధుడు కాశీకి పోతూ, తోడు రమ్మని ఒక పశువుల కాపరిని అడుగుతాడు. దారిలో తాను చూసిన వింత గురించి అడిగితే, మజిలీ మజిలీకీ కథ చెప్పాలని ఆ పిల్లవాడు షరతు పెడతాడు. అంటే వాడు అడిగితేనే కథ పుడుతుంది. పాతాళభైరవి సినిమాకు మూలకథ ఇచ్చింది ఆ పుస్తకమే. మా శనివారం కూడా ఒక మజిలీ. నాలుగు గంటలు కూర్చుంటాం, ఒక చోట ఆపుతాం, వారమంతా ఎవరి పని వాళ్ళం చేసుకుంటాం.

పెద్దబాపు: ఆ గోపకుమారుడు అడుగుతడు, ఇంటడు. తానే రాజునని వేషం కట్టడు. మీరు మంత్రగాళ్ళమని, వీరులమని పేర్లు పెట్టుకుని మాట్లాడుతున్నరు. పాతికేళ్ళు దాటిన పిల్లలకు ఈ నటన ఎందుకని నా ప్రశ్న.

బిడ్డ: నటన మన ఊళ్ళకు కొత్తా పెద్దబాపు? చుక్క సత్తయ్య గారి ఒగ్గుకథ రేడియోలో వస్తే మీరు పొలం నుంచి తొందరగా వచ్చేవాళ్ళని నాన్న చెప్పేవాడు. ఒకే మనిషి కథ చెబుతూనే ఎల్లమ్మ అవుతాడు, మరు నిమిషం మల్లన్న అవుతాడు. పక్కనున్నవాళ్ళు ప్రశ్నలేసి కథను ముందుకు తోస్తారు.

పెద్దబాపు: ఆ పోలిక నేనొప్పుకోను. ఒగ్గు పూజారి పట్నం వేసి, మల్లన్నను నిలిపి, అప్పుడు నోరు తెరుస్తడు. అది మొక్కు. తాత దగ్గర నేర్చుకున్న కథ అది, రాగం తప్పితే పెద్దోళ్ళు ఊకోరు. మిద్దె రాములు, చుక్క సత్తయ్య లాంటోళ్ళ వెనుక ఎంత సాధన ఉన్నదో నాకు తెలుసు. శనివారం రాత్రి పిజ్జా తింటూ చేసేదాన్ని దాని పక్కన పెట్టకు.

బిడ్డ: సరే, పెట్టను. మీరు చెప్పింది న్యాయం. మా ఆట పూజా కాదు, కళాకారుల ప్రదర్శనా కాదు. చూసేవాళ్ళెవరూ ఉండరు. ఎవరికీ గొప్పగా చెప్పడం రానవసరం లేదు. నేను పోల్చింది ఒక్కదాన్నే. ఎదుటివాళ్ళు ఏం చెబుతారోనని నలుగురు ఊపిరి బిగబట్టి వినడం. ఆ వినడం మాకెక్కడా దొరకడం లేదు. మాటలతో చెబితే తెలియదు, పది నిమిషాలు ఆడి చూస్తారా? నచ్చకపోతే ఆపేద్దాం.

బావగారు వద్దనలేదు. అమ్మాయి లోపలికి పోయి పాచిక, స్టీలు పళ్ళెం తెచ్చింది. ఆ తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

బిడ్డ: మీరు ఒక ఊరి నీరటి. ముప్పై ఏళ్ళుగా చెరువు తూము మీ చేతిలో ఉంది. శ్రావణమాసం, మూడు రోజులుగా ముసురు. అర్ధరాత్రి కట్ట మీద మీరొక్కరే, చేతిలో లాంతరు. మత్తడి దుంకుతోంది. కట్ట దిగువ వాలులో మీ అరికాలికి తడి తగిలింది. నీళ్ళు ఊరుతున్నాయి. ఏం చేస్తారు?

పెద్దబాపు: ఊరే నీళ్ళు తేటగున్నయా, మట్టి కలిసున్నయా?

బిడ్డ: ఎందుకలా అడిగారు?

పెద్దబాపు: తేట నీళ్ళయితే అంత భయం లేదు. మట్టి కొట్టుకొస్తున్నదంటే లోపల కట్ట తొలుచుకుపోతున్నట్టు. మా ఊరి నీరటి చీకట్ల వేళ్ళ మధ్య రుద్ది చెప్పేటోడు.

బిడ్డ: మీరూ రుద్ది చూశారు. గరగరలాడుతోంది.

పెద్దబాపు: అయితే తూము ఎత్తాలె. చెరువు బరువు దిగాలె.

బిడ్డ: ఎత్తితే కాలువ కింది పొలాలు మునుగుతాయి. మొన్ననే నాట్లు పడ్డాయి. అందులో మీ తమ్ముడి మడి కూడా ఉంది.

పెద్దబాపు: నాటు మళ్ళా వేసుకోవచ్చు. కట్ట తెగితే ఊరును మళ్ళా కట్టలేం. ఎత్తుత. దానికి ముందు డప్పు కొట్టిస్త. కాలువ గట్టున పండుకున్నోళ్ళు లేవాలె.

బిడ్డ: పాచిక వేయండి. 13 రావాలి. ముప్పై ఏళ్ళ అనుభవానికి 4 కలుపుతాను, కాబట్టి మీకు 9 పడినా చాలు. నూటికి అరవై వంతులు మీ పక్షమే.

పాచిక పళ్ళెంలో దొర్లింది. 6 పడింది.

బిడ్డ: ఆరుకు నాలుగు కలిపితే పది. చాలలేదు. తూము మూత సగం లేచి ఇరుక్కుంది. నీళ్ళు పోతున్నాయి గానీ, సరిపడా పోవడం లేదు.

పెద్దబాపు: ఇరుక్కుంటే నీళ్ళల్లకు దిగాలె. నడుముకు మోకు కట్టుకోవాలె, పైన ఇద్దరు పట్టుకోవాలె. ఎవరున్నరు అక్కడ?

బిడ్డ: ఎవరూ లేరు. మీ తమ్ముడొక్కడే కట్ట మీద పరుగెత్తి వస్తున్నాడు. నా మడి ముంచడానికి నీకు చేతులెలా వచ్చాయని అరుస్తూ వస్తున్నాడు.

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లో అన్నదమ్ముల మధ్య కాలువ నీళ్ళ మాట ఒకటి ఏళ్ళ తరబడి ఉంది. అమ్మాయికి అది తెలియదు. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

పెద్దబాపు: మోకు వాని చేతికే ఇస్త. ఇచ్చి దిగుత.

ఆట అక్కడే ఆగింది. ఆయన పాచికను చేతిలోకి తీసుకుని, పలకలు తడుముతూ మళ్ళీ వాదానికి వచ్చారు.

పెద్దబాపు: బాగనే పట్టుకున్నవ్ నన్ను. కానీ ఒకటి చెప్త విను. ఆ నీరటి నాలో ఉన్నోడు. నేను చూసినోడు. ఆయన్ని నీ ఆట ఇయ్యలేదు.

బిడ్డ: ఇవ్వలేదు, అడిగింది. ఇన్నేళ్ళలో మట్టి నీళ్ళ సంగతి నాకు మీరెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాలని కూడా నాకు తెలియదు. మిమ్మల్ని కట్ట మీద నిలబెడితే బయటికొచ్చింది.

పెద్దబాపు: అయితే ఇంకో మాట. ఇంత సరుకు మన దగ్గరుంటే, రాత్రి మీరు ఆడిందేంది? నేను విన్న. గాబ్లిన్లు, డ్రాగన్లు, ఫైర్‌బాల్. మాటల్ల ముప్పాతిక వంతు ఇంగ్లీషు. ధైర్యం ఇంగ్లీషుల, భయం ఇంగ్లీషుల, ఆఖరుకు దేవుణ్ణి మొక్కుడు కూడా ఇంగ్లీషుల. మనిషి ఊహ ఏ భాషల నడుస్తదో ఆ భాషే బతుకుతది బిడ్డా. ఉద్యోగం ఇంగ్లీషుల చేయండి, నేను కాదన. కలలన్నా తెలుగుల కనవద్దా?

బిడ్డ: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, నియమాలు ఇంగ్లీషులో చదివాం, నోట అవే వస్తాయి. మా బల్ల మీద అందరూ తెలుగువాళ్ళమే, అయినా పాత్రలోకి దిగగానే భాష మారిపోతుంది. రాత్రి ఒక్కసారి మారలేదు. జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసే అబ్బాయి ఉన్నాడు, నలుగురిలో నోరు విప్పడు. అతని పాత్ర చనిపోతోంది. ఆఖరి మాట ఏం చెబుతావని అడిగాను. అప్పుడు తెలుగులో, అమ్మకు చెప్పమని ఒక మాట అన్నాడు.

పెద్దబాపు: పొలం కౌలుకు ఇయ్యొద్దని చెప్పమన్నడు. నేను లేచి కూర్చుంది దానికే. రాత్రంత మీరు మాట్లాడిన మాటలల్ల నా గదిలకు వచ్చింది ఆ ఒక్కటే.

బిడ్డ: బల్ల దగ్గర కూడా అంతే. ఎవరూ పాచిక ముట్టలేదు చాలాసేపు.

పెద్దబాపు: మరి మాటలు లేవని చెప్పకు. ఏ మాటకు తెలుగు కావాలె, అడుగు.

బిడ్డ: సేవింగ్ త్రో. అంటే, విషమో పిడుగో మీద పడ్డప్పుడు తప్పించుకున్నామా లేదా అని వేసే పాచిక.

పెద్దబాపు: దానికి మాట వెతకాల్నా? గండం. గండం గడిచిందా లేదా అని వేసే పాచిక, గండపు పాచిక.

బిడ్డ: హిట్ పాయింట్స్. పాత్రలో ఇంకా ఎంత ప్రాణం మిగిలిందో చెప్పే లెక్క.

పెద్దబాపు: ఊపిరి. పది ఊపిర్లు ఉన్నయ్, నాలుగు పోయినయ్. నీ వెంట ఏమేం సామాను ఉన్నదో రాసుకునేది ఉంటదా? అది మూట. ఎవరు ముందు ఎవరు వెనుక అన్నది వంతు. ఇవన్నీ నిఘంటువుల మాటలు కావు, ఇంట్ల మాటలు.

బిడ్డ: ఒక్క నిమిషం ఆగండి, రాసుకుంటాను.

పెద్దబాపు: రాసుకో. కానీ నా అభ్యంతరం ఇంకోటి మిగిలే ఉన్నది. ఈ బల్ల దగ్గరోళ్ళు నీ కండ్ల ముందు ఉన్నోళ్ళు. ఆదివారం పొద్దుగాల లాప్‌టాప్ తెరిచి ముక్కు మొహం తెలియనోళ్ళతోటి ఆడుతవట. ఆడపిల్లవు. అమెరికాల ఈ ఆట ఆడి పిల్లలు చెడిపోయిన్రని ఒకప్పుడు పెద్ద గోలే అయిందట గదా.

బిడ్డ: అయింది. 1979లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో పదహారేళ్ళ విద్యార్థి ఒకతను కనిపించకుండా పోయాడు. వెతకడానికి వచ్చిన ప్రైవేట్ డిటెక్టివ్ ఈ ఆటే కారణం కావచ్చన్నాడు, పత్రికలు అందుకున్నాయి. 1983లో, కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఈ ఆటకు వ్యతిరేకంగా సంఘం పెట్టింది. ఆ తల్లి దుఃఖం నిజమైనది, దాన్ని నేను తేలిక చేయను. కానీ ఆ విద్యార్థి బాధకు కారణాలు వేరని అదే డిటెక్టివ్ 1984లో తన పుస్తకంలో రాశాడు. ఆ అబ్బాయి లోపల కుంగిపోయి ఉన్నాడు. అది ఎవరూ గమనించలేదు.

పెద్దబాపు: గమనించేటోళ్ళు లేకపోవుడే గదా అసలు జబ్బు. తెర మీద బొమ్మలు గమనిస్తయా మరి?

బిడ్డ: గమనించే మనుషులు తెర అవతల కూడా ఉంటారు. నేను ఈ ఆట నేర్చుకుంది 2020 లాక్‌డౌన్‌లో. అప్పుడు ఇంటి గుమ్మం కూడా దాటలేం. డిస్కార్డ్‌లో ఒక గుంపు దొరికింది. డాలస్‌లో ఒక తెలుగమ్మాయి, మెల్‌బోర్న్‌లో ఒకతను, ఇక్కడ నేను. జూన్‌లో మనకు ఆదివారం పొద్దున ఏడైతే డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర, మెల్‌బోర్న్‌లో పదకొండున్నర. ముగ్గురం మూడు పూటల్లో ఉండి ఒకే అడవిలో నడిచేవాళ్ళం. నాకు కోవిడ్ వచ్చి గొంతు పోయినప్పుడు, నా పాత్ర మౌనవ్రతం పట్టిందని కథ మార్చి నన్ను వదలకుండా కూర్చోబెట్టుకున్నారు. అలాగని అన్ని గుంపులూ మంచివని చెప్పను. ఒక చోట ఆడవాళ్ళ పాత్రల మీద వెకిలిగా కథ నడిపారు. ఒకసారి వద్దన్నాను, వినలేదు, బయటికొచ్చేశాను.

పెద్దబాపు: చూసినవా మరి. వద్దన్నది వినకపోతే ఆ బల్లకు కట్టుబాటు ఏమున్నట్టు?

బిడ్డ: కట్టుబాటు ఉండాలనే ఆటగాళ్ళు తమకు తాము పద్ధతులు పెట్టుకున్నారు. ఆట మొదలుపెట్టే ముందు ఒక రోజు ఆడకుండా కూర్చుని, ఏ సంగతులు కథలోకి రాకూడదో మాట్లాడుకుంటాం. న్యూయార్క్‌లో జాన్ స్టావ్రోపొలస్ అనే ఆటగాడు ఇంకొకటి చెప్పాడు. బల్ల మధ్య ఎక్స్ అని గీసిన ఒక కార్డు పెడతారు. కథలో ఏదైనా భరించలేనిది వస్తే ఎవరైనా దాన్ని ముట్టుకోవచ్చు. ఎందుకని ఎవరూ అడగకూడదు. కథ వెంటనే వేరే దారి పట్టాలి. నాకు దాన్ని మొదటిసారి చూసినప్పుడు మీరు తీసుకెళ్ళిన అష్టావధానం గుర్తొచ్చింది.

పెద్దబాపు: అవధానానికీ దీనికీ ఏం సంబంధం?

బిడ్డ: నిషిద్ధాక్షరి. పృచ్ఛకుడు ఫలానా అక్షరం వద్దంటాడు. అవధాని ఎందుకని అడగడు, పద్యం ఆపడు. ఇంకో అక్షరం వేసి, ఇంకో దారిలో పద్యాన్ని నడిపించుకుపోతాడు. వద్దన్నదాన్ని గౌరవిస్తూనే కథ సాగించడం కూడా ఒక విద్యే కదా.

పెద్దబాపు: పోలిక బాగున్నది. అవధాని వెనుక ఏండ్ల వ్యుత్పత్తి ఉంటది, అది మరిచిపోకు. కానీ వద్దన్న మాటకు దారి ఇచ్చుట విద్య అన్నవ్ చూడు, ఆ మాట నేను తీసుకుంటున్న. మనోళ్ళు చాలామంది ఇంట్లోనే అది నేర్వలేదు.

బిడ్డ: ఇంకొకటి చెబుతాను. ఈ దూరపు మనుషులు కలిసి ఏం చేయగలరో 2023 జనవరిలో చూశాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఇప్పుడు ఒక పెద్ద కంపెనీది. నియమాలను ఎవరైనా వాడుకుని కొత్త కథలు రాసుకోవచ్చని 2000లో ఇచ్చిన అనుమతిని బిగించాలని చూసింది. ముసాయిదా ముందే బయటపడింది. ప్రపంచమంతా ఆటగాళ్ళు ఏకమయ్యారు. కంపెనీకి కట్టే చందాలు మానేశారు. కంపెనీ అభిప్రాయాలు అడిగితే పదిహేను వేల మందికి పైగా రాశారు, అందులో ఎక్కువమంది వద్దన్నారు. జనవరి 27న కంపెనీ వెనక్కి తగ్గింది. నాలుగు వందల పేజీలకు పైబడిన మూల నియమాల ప్రతిని క్రియేటివ్ కామన్స్ అనే బహిరంగ అనుమతి కింద అందరికీ వదిలేసింది. ఇక వెనక్కి తీసుకోలేరు. ముక్కు మొహం తెలియనివాళ్ళే పెద్దబాపు, ఆ పని చేసింది.

పెద్దబాపు: మంచిదే. దూరపు మనుషులు మనుషులు కారని నేననను. నేనడిగేది వేరే. డాలస్ పిల్ల పేరు నీకు తెలుసు, ఆమెకు ఏ రోజు జ్వరమొచ్చిందో తెలుసు. మీ పై అంతస్తుల ఒక ముసలామె ఉన్నది, రోజూ లిఫ్టుల కలుస్తది. ఆమె పేరు తెలుసా?

బిడ్డ: తెలియదు.

పెద్దబాపు: నిన్న నేను అడిగిన. కరీంనగర్ దిక్కు ఆమె. పాండవుల కథ రాత్రంత చెప్పగలదు. మీ నెత్తి మీదనే ఉన్నది.

బిడ్డ: ఒప్పుకుంటున్నాను. కానీ నా మాట కూడా వినండి. బహదూర్‌పల్లిలో ఇప్పుడు ఉన్నవాళ్ళలో చాలామందిమి ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళం. సత్యం కంపెనీ రోజుల్లో కొందరు వచ్చారు, 2009లో అది టెక్ మహీంద్రా చేతికి వచ్చాక ఇంకొందరు వచ్చారు. యూనివర్సిటీ కోసం పిల్లలు, జీడిమెట్ల షిఫ్టుల కోసం కార్మికులు, దుండిగల్ వైపు కొత్త విల్లాల కోసం ఇంకెవరో. ఈ బిల్డింగులకు అరుగుల్లేవు. ఊరి పాత రచ్చబండ దగ్గర మేం కూర్చుంటే మమ్మల్ని ఎవరూ ఎరగరు. ఊరికే పోయి ఒకరి తలుపు కొట్టలేం. ఏదో నెపం కావాలి. ఆట మాకు ఆ నెపం. ఫ్యాక్టరీ అబ్బాయీ నేనూ ఇంకెక్కడా ఒక బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం కాదు.

పెద్దబాపు: నెపం మంచిదే బిడ్డా. పండుగ కూడా నెపమే. గండిమైసమ్మ బోనాలకు పోయేటోళ్ళందరూ ఒకరికొకరు ఎరుకనా? అయితే నెపాన్ని గడప లోపలే పెట్టుకోకు. నా తీర్పు ఇది. మీది జూదం కాదు, నేను పొరబడ్డ. పిచ్చి నటన కూడా కాదు. కానీ ఇప్పటికి ఇది అద్దె ఇల్లు. తెలుగుల ఆడిన రోజు, పై అంతస్తు ఆమెను బల్ల దగ్గర కూర్చోబెట్టిన రోజు, సొంతిల్లయితది.

బిడ్డ: వచ్చే శనివారం ఆమెను నేనే పిలుస్తాను. మీరు కూడా ఉండాలి. తూము సగంలో ఇరుక్కుని ఉంది, మీరు ఇంకా నీళ్ళలోనే ఉన్నారు.

పెద్దబాపు: మోకు పట్టుకున్నోన్ని కూడా పిలువు.

మా బావగారు ఆ తర్వాత ఉన్న వారం రోజుల్లో నోటుపుస్తకంలో రెండు పేజీల మాటలు చెప్పి రాయించారు. గండం, ఊపిరి, మూట, వంతు అందులో ఉన్నాయి. చుక్కల మందు అయిపోయినా శనివారం దాకా ఆగారు. ఆ శనివారం మా గుమ్మం ముందు తొమ్మిది జతల చెప్పులు ఉన్నాయి. ఒక జత మా ఆయనవి.

ఇద్దరిలో ఎవరిది గెలుపు అని అడిగితే, గెలుపోటములు లేని ఆట గురించి జరిగిన వాదం ఇది. అమ్మాయి మాట నిజం. నలుగురు ఒకరినొకరు విని కట్టుకునే కథలో ఒక సంతోషం ఉంది, ఇంతమంది ఉన్న ఈ బిల్డింగులో అది వేరే దారిలో దొరకడం లేదు. బావగారి మాట కూడా నిజం. ఆ సంతోషం మన భాషలో ఉంటేనే మన పెద్దవాళ్ళు అందులోకి రాగలరు, వాళ్ళకు తెలిసింది పిల్లలకు చేరుతుంది.

అందుకే తెలుగు పంతుళ్ళకు, కాలేజీ పిల్లలకు, ఇలాంటి బల్ల చుట్టూ కూర్చునే అందరికీ నాదొక మనవి. ఆ ఆట మూల నియమాలను ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లోకి ఇప్పటికే తెచ్చారు. తెలుగులోకి తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరు రాశారో వాళ్ళ పేరు, ఏ అనుమతి కింద ఇచ్చారో ఆ వివరం, మార్పులు చేసిన సంగతి వేస్తే చాలు. రెండు పేజీలు మా ఇంట్లో ఉన్నాయి. మిగతావి మీరు రాయండి.